ఇంట వండిన సాఫ్టువేరు

అంగడిలో కొన్న కారపుపొడికిని, ఇంట దంచుకొన్న కారపుపొడికిని గల భేదమును మన సోదరీమణులకు వేఱుగ నెవ్వరును బోధింప నక్కఱలేదు. మొదటిదానిలో మిరపకాయ యెంతయో, రంగెంతయో కొన్నవారికి దెలియదు. రెండవదానిలో నేమున్నదో దంచిన చేతికి దెలియును. నేడు మన యిండ్లలో బ్యాంకు లెక్కలును, పిల్లల చదువులును, బంధువుల యుత్తరములును కంప్యూటరులోనికిని చేతిఫోనులోనికిని జేరినవి. వానిని నడపు సాఫ్టువేరు మాత్రము చాలవఱకు అంగడి పొట్లమువలెనే మనకు వచ్చుచున్నది.

సాఫ్టువేరును మొదట మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. ఆ వ్రాతకు సోర్సుకోడు, అనగా మూలప్రతి యని పేరు. యంత్రమునకు దెలిసినవి సున్నయు నొకటియు మాత్రమే గనుక, మూలప్రతిని యంత్రభాషలోనికి మార్చుటకు కంపైలరను సాధనము కావలయును. ఈ మార్గమును జూపిన తొలివారిలో నొక స్త్రీ యుండుట మనకు సంతోషకరము. అమెరికా నౌకాదళమున బనిచేసిన గణితోపాధ్యాయిని గ్రేస్ హాపర్ 1952లో ఏ-జీరో యను సాధనమును సిద్ధపఱచెను. మూలప్రతిని దాచి యంత్రరూపమును మాత్రమే యమ్ముట తరువాతి వర్తకుల యాచారమయ్యెను. దాని కెదురుగ 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ యను నుద్యమమును బ్రకటించెను. మూలప్రతిని చదువుటకును, మార్చుటకును, పంచుటకును అందఱికిని హక్కుండవలెనని యాయన వాదము. ఇట్టి సాఫ్టువేరునకే 1998 నుండి ఓపెన్ సోర్సను పేరును గలిగినది.

మా యింట నీ పని కావలసివచ్చుటకు గారణము పాత పుస్తకములు. మాకు సంక్రమించిన ప్రబంధములును వ్యాకరణములును పెళుసెక్కి, ముట్టినంతనే పుటలు రాలుచున్నవి. ఫొటో తీసిన పుటను జదివి అక్షరములుగ మార్చు టెసెరాక్ట్ అను సాఫ్టువేరు కలదు. హెచ్.పి. సంస్థలో 1985లో మొదలైన యీ పని 2005లో మూలప్రతితో లోకమున కీయబడినది. అది తెలుగును జదువగలదు. ఒత్తులకడ తడబడును గాని, దిద్దుకొనుటకు మనముండనే యుంటిమి.

మూలప్రతిని దెచ్చుకొన్న పిమ్మట ముఖ్యముగ మూడాజ్ఞలు. మొదటిది కాన్ఫిగర్. ఇది పొయ్యి వెలిగించుటకు ముందు వంటయిల్లు చూచుకొనుటవంటిది. కంపైలరున్నదా, కావలసిన యితర సామగ్రి యున్నదా యని పరీక్షించును. టెసెరాక్ట్‌నకు చిత్రములను సవరించు లెప్టోనికా ముందుగ నుండవలెను. లేనిచో నక్కడనే యాగి, లేనిదాని పేరు చెప్పును. ఎఱ్ఱయక్షరములు చూచి బెదరరాదు. చింతపండు నిండుకొన్నదని చెప్పినవారిమీద మనము కోపగింతుమా? రెండవది మేక్. దీనిని 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూఅర్ట్ ఫెల్డ్‌మన్ రచించెను. ఏ ఫైలు మాఱినదో దానిని, దానిపై నాధారపడినవానిని మాత్రమే యిది మరల కంపైలు చేయించును. కూర యొకటి మాడినంతమాత్రమున అన్నముకూడ తిరిగి వండని యిల్లాలివంటి దీ మేక్. తెరపై పంక్తులు పాఱుచుండగా మేము మధ్యాహ్నపు పనులు ముగించుకొందుము. మూడవది మేక్ ఇన్‌స్టాల్, వడ్డన. యంత్రముపై సర్వాధికారమిచ్చు సంకేతపదము సాధారణముగ దీనికే కావలయును. మొదటి రెంటికే దాని నడిగినచో సందేహింపవలెను.

మూలప్రతి కనబడుచుండగా మోసమెట్లు కలుగునని యడుగువారికి 2024లోని యొక వృత్తాంతము సమాధానము. ఎక్స్‌జెడ్ అనునది ఫైళ్లను కుదించు సాఫ్టువేరు. లినక్సు యంత్రములలో దాదాపు ప్రతిచోటను ఉండును. దీనిని లాస్సే కాలిన్ అను నాయన యేండ్లతరబడి జీతము లేకయే పోషించుచుండెను. 2021 మొదలు జియా టాన్ అను పేరుతో నొకరు సాయమునకు వచ్చి, చిన్న సవరణలు పంపుచు నమ్మకము సంపాదించి, తుదకు క్రొత్తప్రతులను విడుదలచేయు నధికారమును బడసిరి. అలసియున్న యా పోషకుని త్వరపెట్టుచు వేఱు పేర్లతో లేఖలును వచ్చినవి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 ప్రతిలోను, మార్చిలో వెలువడిన 5.6.1 ప్రతిలోను విషము కలిసినది. విషపుముద్ద పరీక్షలకై యుంచిన ఫైళ్లలో దాగెను. దానిని మేల్కొలుపు వ్రాత మాత్రము అందఱును జూచు మూలప్రతిలో లేదు. విడుదలకై కట్టిన మూటలోనే, నిర్మాణమును నడపు లిపులలో నొకదానియందు చొప్పింపబడెను. అదియును ఇంట నొంటరిగ కంపైలు చేయువారిని విడిచి, వేలమందికి పంచుటకై డెబియన్, రెడ్ హ్యాట్ పద్ధతుల నిర్మించుచోటనే పనిచేయును. కుంపటిని విడిచి సంతర్పణపు గాడిపొయ్యిని వెదకినదన్నమాట! దూరమునుండి యంత్రములోనికి బోవు ఎస్ఎస్‌హెచ్ అను ద్వారమునకు దొంగ తాళపుచెవి చేయుట దాని యుద్దేశము.

దీనిని బట్టుకొన్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నింజనీరు. ఆ ద్వారమున బ్రవేశించుటకు అలవాటైన కాలముకంటె అరసెకను ఎక్కువ పట్టుచున్నదని యాయనకు దోచెను. పాలు పొంగుటకు బట్టుకాలము నెఱిగినవారి కీ యనుమాన మెట్టిదో దెలియును. ఆయన మూలము వెదకి మార్చి 29న లోకమునకు జాటెను. అప్పటి కది ప్రధానమైన పంపిణీల స్థిరప్రతులలోనికి జేరలేదు. మాకీ కథలో మిక్కిలి బాధ గలిగించునది దొంగ చాతుర్యము గాదు. లోకమంతయు వాడుకొను పనిని ఒక్కని భుజములపై విడిచి, బాగున్నావా యని పలుకరింపకుండుట. ఇంటిపనులు చేయువారి కిది క్రొత్త సంగతి గాదు.

ఇంకొక చిక్కు కలదు. కంపైలరును గూడ మఱియొక కంపైలరుతోనే నిర్మింతురు; నిన్నటి పెరుగుతో నేటి పాలకు తోడు పెట్టినట్లు. తొలి తోడులో దోషమున్నచో నేమగును? కంపైలరులో మోసము నొకసారి చేర్చి, మూలప్రతిలో దాని జాడ చెఱిపివేసినను, ఆ మోసము తరువాతి కంపైలరులలోనికి దానంతటదే పాకునని కెన్ థాంప్సన్ 1984లో వ్రాసి చూపెను. చదివిన వ్రాత శుద్ధమే. పెరుగు మాత్రము చెడ్డదే.

దీనికి రెండు విధములుగ బ్రతిక్రియ చేయుచున్నారు. 2013 నుండి డెబియన్ వారు, ఒకే మూలప్రతిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు నిర్మించినను తుది ఫైలు ఒక్క బిట్టైనను భేదింపకుండ వచ్చునట్లు సవరించుచున్నారు. ఫైలులో దూరు తేదీలును గంటలునే వారికి పెద్ద చిక్కు. అట్లు కుదిరినచో నలుగురు వేర్వేఱుగ నిర్మించి పోల్చినంతనే కల్తీ బయటపడును. రెండవది తోడునే చిన్నదిగ జేయుట. గ్నూ గీక్స్ వారు 2023లో 357 బైట్ల చిన్న బీజమునుండి మొదలిడి, మెట్టుమెట్టుగ పెద్ద కంపైలరువఱకు నిర్మించిరి. ఆ నిర్మాణమును నడపు పనిముట్లు కొన్ని యింకను సిద్ధరూపముననే తెచ్చుకొనవలసియున్నవి గాని, బీజమును మాత్రము ఓపికగల మనుష్యుడు కూర్చుండి యంకెవెంబడి యంకెగ జదివి చూడవచ్చును.