మీకు తెలుసా? ఫైలు పంపే కమాండ్ రాసిచ్చే టూల్స్ ఉన్నాయి!

కంపెనీ అనుమతితోనే దాని కంప్యూటర్లలోకి చొరబడి లోపాలు వెతికేవారు పెనెట్రేషన్ టెస్టర్లు. లోపలికి వెళ్లాక తమ ల్యాప్‌టాప్‌లోని ఫైలును అవతలి మెషీన్‌కు చేర్చడం వారికి తరచూ పడే పని. అక్కడ చాలాసార్లు బ్రౌజర్ ఉండదు, మౌస్ పనిచేయదు. ఐపీ అడ్రస్, పోర్టు, ఫైలు పేరు ఇస్తే చాలు, లినక్స్‌కైనా విండోస్‌కైనా సరిపడే కమాండ్‌ను తప్పుల్లేకుండా రాసిచ్చే చిన్న టూల్స్ అందుకే పుట్టాయి. ఫైలు చేర్చేందుకు వాడే కొన్ని దారులు ఇవి:

• విండోస్‌లోని సర్ట్‌యుటిల్ అసలు పని డిజిటల్ సర్టిఫికెట్లు చూసుకోవడం. అయినా అది ఇంటర్నెట్ నుంచి ఫైళ్లు దించగలదు. అందుకే భద్రతా సాఫ్ట్‌వేర్లు దానిపై కన్నేసి ఉంచుతాయి.

• స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బెర్గ్ 1998లో విడుదల చేసిన, కమాండ్‌తో ఫైళ్లు దించే టూల్ కర్ల్ 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తోంది.

• పైథాన్ ఉంటే ఒక్క లైను కమాండ్‌తో మనమున్న ఫోల్డరే వెబ్ సర్వర్ అవుతుంది. విడిగా చెప్పకపోతే అది 8000 పోర్టులో నడుస్తుంది.

• నెట్‌వర్క్ దారులన్నీ మూసి ఉంటే ఫైలును బేస్64 అక్షరాలుగా మార్చి టెర్మినల్‌లో పేస్ట్ చేస్తారు. ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి కాబట్టి సైజు మూడో వంతు పెరుగుతుంది. చేరిన ఫైలు చెడిపోలేదని రెండు వైపులా దాని హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) సరిచూస్తారు.

గుర్తుంచుకోండి: అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేర్చుకోవాలంటే మీ సొంత వర్చువల్ మెషీన్లపైనే సాధన చేయండి.