కన్ను చూచినది నోరు చెప్పలేదేల?

వర్షాకాలపు రాత్రి దీపమాఱిన వేళ పెరటివాకిట నిలిచితిరనుకొనుఁడు. తళుక్కున నొక మెఱపు మెఱసెను. బావి, గిలక, తులసికోట, పశువులపాక, దండెముపై మఱచిన చీర సమస్తమును రెప్పపాటులో కన్నులకుఁ గట్టెను. మరలఁ జీఁకటి. "ఏమేమి చూచితివి?" అని యెవరైన నడిగిన, నాలుగింటి పేళ్లు చెప్పునంతలోఁ దక్కినవి కరఁగిపోవును. చూచితిమన్న నిశ్చయము మాత్రము నిలుచును.

మా యింటివారు బొమ్మలపుస్తకములో నొక పుట తెఱచి, చటుక్కున మూసి, ఏమి చూచితిరని పిల్లల నడుగుచుందురు. మా చిన్నవాఁడు "అన్నియుఁ జూచితినిగాని చెప్పఁబోవునప్పటికిఁ బోయినవి" అనెను. అది బొంకని నేను వానిని గద్దించితిని. జార్జి స్పెర్లింగు చేసిన పరీక్షలఁగూర్చి తెలిసికొన్నపిమ్మట నా తొందరపాటునకు సిగ్గుపడితిని.

స్పెర్లింగు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై పరిశోధన చేసిన యువకుఁడు. ఆ పరిశోధనను 1960లోఁ బ్రకటించునాటికి ఆయనకు ముప్పదియేండ్లు నిండలేదు. వరుసకు నాలుగు చొప్పున మూఁడు వరుసల యక్షరములను, సెకండులో నిరువదవవంతు కాలము మాత్రము చూపి మఱుగుపఱచెడివాఁడు. చూచినవారు పండ్రెండింట నాలుగైదింటికి మించి చెప్పలేకపోయిరి. అయినను "మేమింకను జూచితిమి, చెప్పుచుండఁగనే మఱచితిమి" అనిరి. మా చిన్నవాని మాటయే!

నావంటిది గద్దించి యూరకుండును. ఆయన ప్రశ్నను మార్చెను. అక్షరములు మఱుగైన వెంటనే యొక స్వరము మ్రోయించెను. తారస్థాయి వినఁబడినఁ బైవరుస, మధ్యస్థాయియైన నడిమివరుస, మంద్రస్థాయియైనఁ గ్రిందివరుస మాత్రమే చెప్పవలెను. ఏ స్వరము వచ్చునో ముందుగాఁ దెలియదు. అట్లయ్యును, ఏ వరుస నడిగినను నాలుగింట నించుమించు మూఁడక్షరములు చెప్పఁగలిగిరి. అనఁగా, ఆ క్షణమున మూఁడు వరుసలును గలిసి తొమ్మిదక్షరముల వఱకు వారి మనఃఫలకమున నిలిచియే యున్నవి. అన్నిటిని జెప్పుమన్నప్పుడు, కొన్నిటిని బలుకు వ్యవధిలోనే మిగిలినవి చెరిగిపోవుచున్నవి.

ఎంతకాలము నిలుచునో యని స్వరమును ఆలసించి మ్రోయించి చూచెను. ఒక్క సెకండు జాగుచేయఁగనే ఆ లాభమంతయుఁ బోయి, మరల నాలుగైదక్షరముల లెక్కయే మిగిలెను. ఈ క్షణికస్మృతికి ఉల్రిక్ నైసరను పండితుఁడు 1967లో 'ఐకానిక్ మెమొరీ' యని పేరిడెను. మనము ప్రతిమాస్మృతి యనవచ్చునేమో. ఇది రెప్పపాటు చూపునకే చెందినది సుమా! అరగంట యంగడిలో నిలిచి, ఉప్పు మఱచివచ్చినవారికిది సాకు కానేరదు.

ఇప్పుడు మా యింటివారు పుస్తకము మూయుచునే చప్పట్లు కొట్టుచున్నారు. ఒకటియైనఁ బుట పైసగము, రెండైనఁ గ్రిందిసగము చెప్పవలెను. మా చిన్నవాఁడు మునుపటికంటెఁ జక్కఁగాఁ జెప్పుచున్నాఁడు. రెండవ చప్పట కొంచె మాలసించెనా, నా మొగమువంకఁ జూచి "అమ్మా, పోయినది" అనును.