ఏడేళ్లు వదలని పట్టు... తల్లుల భుజాలకు ఊరట

ఆలేరు: పోచంపల్లి తరహా పట్టు చీరను మగ్గం మీదే నేస్తారు. కాని మగ్గం ఎక్కకముందే ఆ చీరకు సగం కష్టం అయిపోతుంది. ఆ కష్టం పేరు ఆసు. నేత ఇళ్లలో అది ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ పనితో భుజాలు పట్టేసిన తల్లిని చూడలేక ఒక కొడుకు 1992లో ఆసు పోసే యంత్రం చేయాలని పూనుకున్నారు. యంత్రం సరిగా తిరిగేసరికి 1999 వచ్చింది.

ఆయన పేరు చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు మండలం శారాజీపేట. అప్పట్లో అది నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆరో తరగతి తర్వాత బడి మానేసి నేత పనిలో పడ్డారు. యంత్రాల చదువు చదవలేదు. చేతిలో డబ్బూ లేదు. తల్లి లక్ష్మి పడే అవస్థను రోజూ కళ్లారా చూడటమే ఆయనకున్న పెట్టుబడి.

రోజుకు 18 వేల సార్లు

ఆసు సంగతి నేతవారికి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం నాలుగు మాటలు. చెక్క చట్రానికి ఒక పక్క ఒంటి చీల ఉంటుంది. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా చీలలు ఉంటాయి. దారాన్ని ఒంటి చీల నుంచి ఎదుటి చీలకు తీసుకెళ్లి, చుట్టి, మళ్లీ వెనక్కి తేవాలి. ఇలా పోసిన పోగుల మీదే డిజైను గీసి, రబ్బరు పీలికలతో కట్లు కట్టి, రంగులో ముంచుతారు.

ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు ఇటూ అటూ తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. కొన్నేళ్లు ఇలా చేస్తే భుజాలు, మోచేతులు లాగుతాయి. చూపు కూడా అలసిపోతుంది. ఇంట్లో ఆసు పోసే మనిషి పడిపోతే మగ్గం ఆగిపోతుంది.

చేయి చేసే పని ఎన్ని రకాలో

పని చూడటానికి ఒక్కటే. యంత్రంతో చేయించబోతే తెలుస్తుంది, అందులో ఎన్ని పనులున్నాయో. దారాన్ని మోసుకెళ్లాలి, చీల చుట్టూ తిప్పాలి, వెనక్కి తేవాలి. లెక్క ప్రకారం చుట్లు పడ్డాక పక్క చీలకు జరగాలి. దారం బిగిస్తే తెగుతుంది, వదులైతే చిక్కు పడుతుంది. ఒక్క చుట్టు లెక్క తప్పినా నేతలో డిజైను పక్కకు పోతుంది.

మల్లేశం అన్నిటినీ ఒకేసారి సాధించాలని కూర్చోలేదు. ఒక్కో కదలికను విడిగా పట్టుకున్నారు. ఒకటి కుదిరాకే రెండోదానికి వెళ్లారు. కుదరనిదాన్ని విప్పి మళ్లీ బిగించారు. యంత్రం మొత్తంగా పనిచేయకపోయినా, నిన్నటికంటే ఈ రోజు ఒక కదలిక ఎక్కువ వచ్చిందన్న తృప్తి మిగిలేది. డబ్బు ఉన్నప్పుడు సామాను కొనడం, లేనప్పుడు ఆగడం. అప్పులు పెరిగాయి. ఈ పిచ్చి పని ఎందుకని నవ్వినవారూ ఉన్నారు.

ఊరు వదిలినా పని వదల్లేదు

1997 నాటికి యంత్రం చాలావరకు తయారైంది. కాని చివరి చిక్కు ఒకటి వీడలేదు. ఇల్లు గడవటం కోసం మల్లేశం హైదరాబాదు చేరి కరెంటు పనులకు కుదిరారు. వచ్చిన కూలిలో కొంత మిగిల్చి మళ్లీ యంత్రానికే పెట్టారు.

1999 ఫిబ్రవరిలో బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో పనిచేస్తుండగా అక్కడ తిరుగుతున్న యంత్రం ఆయన కంటపడింది. తాను ఇన్నాళ్లుగా వెతుకుతున్న కదలిక అందులో కనిపించింది. ఆ రోజు మిగతా పని మానేసి నేరుగా లేతు పని చేసే చోటికి వెళ్లారు. అలాంటి భాగమే చేయించి తన యంత్రానికి బిగించారు. యంత్రం నడిచింది! దాన్ని ఊరికి తెచ్చి, స్నేహితుడి చీరకు ఆసు పోసి చూశారు. చీర బాగా వచ్చింది.

ఆ కర్మాగారంలో అలాంటి యంత్రాన్ని రోజూ ఎందరో చూసి ఉంటారు. ఆ కదలిక కోసం ఏడేళ్లుగా వెతుకుతున్న మనిషికి మాత్రమే అది అక్కరకొచ్చింది.

అమ్మ పేరే యంత్రానికి

యంత్రానికి తల్లి పేరు మీద లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. చేయి తిప్పే బాధ తప్పింది. అయినా మల్లేశం అక్కడితో ఆగలేదు. మొదట చెక్కతో చేసిన భాగాలను తర్వాత ఇనుముతో చేశారు. ఆపైన మైక్రోకంట్రోలర్ కూడా అమర్చారు. కేంద్ర ప్రభుత్వం 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథ 'మల్లేశం' పేరుతో సినిమాగా వచ్చింది.

మగ్గం మీద పోగు తెగితే ఏ నేతగాడూ మగ్గాన్ని తిట్టి లేచిపోడు. తెగిన చోటు వెతికి, ముడివేసి, మళ్లీ నేస్తాడు. శారాజీపేట మల్లేశం ఏడేళ్లు చేసింది ఆ పనే. వడ్రంగి కొట్టంలోనో, కుమ్మరి ఆవం దగ్గరో, మగ్గం గుంటలోనో మొదటి ప్రయత్నం చెడి దిగులుపడిన కుర్రవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు.