ఉన్నత మాధ్యమిక పరీక్షలు: సన్నాహమూ సాఫల్యమూ

ఏటా ఫిబ్రవరి, మార్చి మాసాలు వచ్చేసరికి దేశమంతటా పదహారు, పదిహేడు సంవత్సరాల వయస్సు గల బాలబాలికలు లక్షల సంఖ్యలో ఒకే విధమైన ఆందోళనతో పరీక్షా కేంద్రాలకు బయలుదేరుతారు. ఆ పరీక్షకు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఉత్తరప్రదేశ్, బీహారులలో అది ఇంటర్మీడియట్, కర్ణాటకలో పి.యు.సి.; పశ్చిమ బెంగాల్‌లో ఉచ్చ మాధ్యమిక్; మహారాష్ట్రలో హెచ్.ఎస్.సి.; తమిళనాడు, కేరళలలో ప్లస్ టూ. పేరు ఏదైనప్పటికీ పన్నెండేళ్ల చదువుకు అది చివరి మెట్టు, విశ్వవిద్యాలయానికి తొలి గడప. పరీక్ష ముందు రాత్రి విజయనగరంలోని పిల్లవాడికీ, గోరఖ్‌పూర్‌లోని పిల్లవాడికీ పట్టే చెమట ఒక్కటే.

ఈ సామ్యం యాదృచ్ఛికంగా ఏర్పడినది కాదు. 1964లో డాక్టర్ డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన నియమితమైన విద్యా కమిషన్ 1966లో తన నివేదికను సమర్పించింది. ఆ నివేదిక ఆధారంగా రూపొందిన 1968 జాతీయ విద్యావిధానం దేశమంతటా స్థూలంగా ఒకే విద్యా స్వరూపం ఉండడం శ్రేయస్కరమని భావించి, 10+2+3 పద్ధతిని అంతిమ లక్ష్యంగా పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందున్న ఏడాది పి.యు.సి. స్థానంలో 1969–70 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో దానికి ప్రత్యేకంగా ఒక బోర్డు ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం పాఠశాల విద్యను 5+3+3+4 అంచెలుగా పునర్విభజించినా, పన్నెండవ ఏట పరీక్ష మాత్రం యథాస్థానంలోనే ఉన్నది.

పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు పెక్కుమంది పదకొండవ తరగతి అర్ధసంవత్సర పరీక్షల నాటికి తల వేలాడవేయడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. దీనికి కారణం సోమరితనం కాదు. పదవ తరగతి వరకు భౌతికశాస్త్రం ప్రధానంగా వర్ణన. ఆపైన అది గణితం. వేగమంటే దూరాన్ని కాలంతో భాగించడమని అంతవరకు నేర్చుకున్న విద్యార్థికి హఠాత్తుగా అవకలనం, సదిశలు ఎదురవుతాయి. చరిత్రలో తేదీలు చెబితే సరిపోయేది. ఇప్పుడు కారణాలు చెప్పాలి. చదివే విధానం మారకుండా చదివే గంటలు మాత్రం పెంచినందువల్ల ప్రయోజనం స్వల్పం. తల్లిదండ్రులు గడియారాన్ని చూసి సంతృప్తి చెందుతారు, విద్యార్థి కూడా.

అప్పజెప్పడంలోని రహస్యం

మరచిపోవడం మనస్సుకు సహజ ధర్మం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నదీ తనమీదనే పరీక్షించుకొని 1885లో ఫలితాలు ప్రకటించాడు. విస్మృతి మొదటి గంటలలో అతివేగంగా సాగి, పిమ్మట మందగిస్తుందని ఆయన పరిశీలనలో తేలింది. అంటే, నేడు విన్న పాఠాన్ని రేపే ఒకసారి, వారానికి మరొకసారి, నెలకు ఇంకొకసారి తిరగవేసిన వానికి మార్చి నెలలో మిగిలేది ఎక్కువ. పరీక్షకు పది రోజుల ముందు కొత్తగా మొదలుపెట్టిన వాడు అన్ని గంటలే కూర్చున్నా, అతనికి మిగిలేది తక్కువ.

అయితే తిరగవేయడం అంటే ఏమిటి? ఇక్కడనే ఎక్కువమంది దారి తప్పుతారు. పుస్తకం తెరిచి, రంగు పెన్సిలుతో గీతలు గీస్తూ నాలుగుసార్లు చదవడాన్ని వారు పునశ్చరణ అనుకుంటారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కళాశాల విద్యార్థులతో చేసిన ప్రయోగం ఈ విషయంలో కనువిప్పు కలిగిస్తుంది. ఒక బృందం ఇచ్చిన వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక బృందం ఒక విడత చదివి, తరువాత మూడు విడతలు పుస్తకం మూసి జ్ఞాపకమున్నంత వరకు రాసింది. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే మెరుగు: వారికి 83 శాతం, రెండవ బృందానికి 71 శాతం. వారం గడచిన తరువాత ఫలితం తలకిందులైంది. చదివినవారికి మిగిలినది 40 శాతం. రాసి చూచుకున్నవారికి 61 శాతం. మళ్లీ మళ్లీ చదవడం వల్ల పాఠం పరిచితమవుతుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞానమని పొరబడతాము.

ఈ సంగతి మన పెద్దలకు బొత్తిగా తెలియనిది కాదు. వీధిబడిలో ఎక్కాలు, పద్యాలు పుస్తకం చూడకుండా అప్పజెప్పవలసి ఉండేది. వేదాధ్యయనంలో పద, క్రమ, జటా, ఘన పాఠాలలో అవే పదాలను వేర్వేరు వరుసలలో చెప్పించేవారు. వరుస మారినా తప్పనివాడే నేర్చినవాడు. బట్టీ పట్టడాన్ని నిందించే ఆవేశంలో ఆధునికులు అప్పజెప్పడాన్ని కూడా పారవేశారని చెప్పక తప్పదు. పాత పద్ధతిలో లోపం అప్పజెప్పించడంలో లేదు, మాటలను మాత్రమే అప్పజెప్పించి అర్థాన్ని అడగకపోవడంలో ఉన్నది. న్యూటన్ రెండవ నియమాన్ని చెప్పమనడం ఒక మెట్టు; ఎడ్లబండి కదిలేటప్పుడు మొదట ఎక్కువ బలం ఎందుకు కావాలో చెప్పమనడం దాని పై మెట్టు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2024–25 నుంచి పదకొండు, పన్నెండు తరగతుల ప్రశ్నపత్రాలలో సగభాగాన్ని ఇట్టి అన్వయ ప్రశ్నలకే కేటాయించింది.

గణితంలో ఈ సూత్రం మరింత కఠినంగా పనిచేస్తుంది. పరిష్కరించి ఉన్న లెక్కను చదివితే ప్రతి మెట్టూ న్యాయంగానే కనిపిస్తుంది. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడే మొదటి మెట్టు ఏదో తట్టదు. పరీక్షలో అడిగేది ఆ మొదటి మెట్టునే. కనుక ఒకే రకం లెక్కలు ముప్పై వరుసగా చేయడం కంటె, మూడు నాలుగు అధ్యాయాల లెక్కలు కలిపి చేయడం మేలు. ఏ లెక్కకు ఏ పద్ధతి వర్తిస్తుందో ఎంచుకునే అభ్యాసం అప్పుడే కలుగుతుంది.

నిద్ర గురించి ఒక్క మాట. నేర్చిన విషయం మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరం. తెల్లవారుజామున లేచి చదవడం మన ఇళ్లలో గౌరవప్రదమైన ఆచారం. రాత్రి తొమ్మిదికి పడుకున్నవానికి అది చక్కని ఆచారమే. పన్నెండింటికి పడుకున్నవానిని నాలుగింటికి లేపడం మాత్రం పగలంతా నేర్చినదానిని చేజేతులా పారబోయించడమే.

ప్రశ్న ఒక భాషలో, ఆలోచన మరొక భాషలో

ఈ దేశంలో పరీక్షా సన్నాహాన్ని గురించి రాసేవారు తరచుగా విస్మరించే విషయం భాష. పదవ తరగతి వరకు మాతృభాషలో చదివి, తరువాత ఇంగ్లీషు మాధ్యమంలో చేరే విద్యార్థులు అన్ని రాష్ట్రాలలోనూ ఉన్నారు. వారిలో ఎక్కువమంది కుటుంబంలో కళాశాల ముఖం చూస్తున్న మొదటి తరంవారు. అట్టి విద్యార్థికి కాంతి వక్రీభవనం బాగా తెలుసు. ప్రశ్నలోని ఇంగ్లీషు మాట అదేనని తెలియదు. అతడు పోగొట్టుకునే మార్కులు విజ్ఞానశాస్త్రంలో లోపం వల్ల పోయినవి కావు.

దీనిని ఎదుర్కొనడానికి గట్టి ప్రయత్నమే జరిగింది. శాస్త్రీయ, సాంకేతిక పదావళి కోసం కేంద్ర ప్రభుత్వం 1961లో ఒక శాశ్వత కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 1968లో హైదరాబాదులో స్థాపితమైన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను తెలుగులో ప్రచురించింది. సంస్కృత ధాతువుల నుంచే రెండు భాషలూ పదాలు తీసుకున్నందున హిందీ, తెలుగు శాస్త్రపదాలలో చాలా వరకు చుట్టరికం కనిపిస్తుంది: బలం, త్వరణం, జడత్వం, ఆమ్లం రెండింటా ఒక్కటే. కాని చుట్టరికాన్ని నమ్ముకొని మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. తెలుగులో ‘శక్తి’ అంటే పని చేయగల స్తోమతు, జౌళ్లలో కొలిచేది. హిందీలో దానిని ‘ఊర్జా’ అంటారు. అక్కడ ‘శక్తి’ అంటే మనం వాట్లలో కొలిచే ‘సామర్థ్యం’. రసాయనశాస్త్రంలో మన ‘మూలకం’ హిందీవారికి ‘తత్త్వ’. మన ‘సమ్మేళనం’ వారికి ‘యౌగిక్’. సమ్మేళనం అంటే ఉత్తరాదివారికి సభ మాత్రమే గుర్తుకు వస్తుంది. తండ్రి ఉద్యోగరీత్యా భోపాల్ నుంచి వరంగల్‌కు బదిలీ అయిన కుటుంబంలోని బాలికకు ఈ తేడా చమత్కారం కాదు, రెండు మార్కుల ప్రశ్న.

ఇందుకు ఆచరణయోగ్యమైన మార్గం ఒకటి కలదు. ప్రతి అధ్యాయానికీ నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించి, నిర్వచనాన్ని ముందు ఇంట్లో మాట్లాడే భాషలో సొంత మాటలతో రాసుకొని, ఎదురుగా పరీక్ష భాషలోని పారిభాషిక పదాన్ని రాయడం. ఏడాది చివరకు అది చిన్న నిఘంటువు అవుతుంది. వైద్యవిద్యా ప్రవేశానికి జరిపే నీట్, ఇంజనీరింగు ప్రవేశానికి జరిపే జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగుతో సహా 13 భాషలలో నిర్వహించబడుతున్నాయి. అయితే అనువాదంలో సందిగ్ధత ఏర్పడినప్పుడు ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. కనుక మాతృభాషలో రాసే విద్యార్థికి కూడా ఆ నిఘంటువు అక్కరకు వస్తుంది.

మూడు గంటల లెక్క

కేంద్రీయ బోర్డు పన్నెండవ తరగతిలో ప్రయోగాలున్న భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు రాతపరీక్ష 70 మార్కులు, ప్రయోగాలు 30. గణితం వంటి వాటికి రాతపరీక్ష 80, అంతర్గత మూల్యాంకనం 20. 180 నిమిషాలలో 80 మార్కులంటే మార్కుకు రెండుంబావు నిమిషాలు. ఐదు మార్కుల ప్రశ్న మీద ఇరవై నిమిషాలు గడిపినవాడు దాదాపు నాలుగు మార్కులకు సరిపడే కాలాన్ని అదనంగా ఖర్చుపెట్టినట్లే. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ముందుగా ఇచ్చే 15 నిమిషాలలో ఏ ప్రశ్నలు తేలిక, ఏవి కఠినమో తేల్చుకుంటే ఈ నష్టం చాలా వరకు తప్పుతుంది. కాని ఆ పావుగంటను ఎక్కువమంది దేవుని తలచుకోవడానికి వినియోగిస్తారు. అందుకు ముందు రోజు కూడా అవకాశం ఉన్నది.

బోర్డు ఏటా నమూనా ప్రశ్నపత్రాలతోపాటు మార్కులు ఏ విధంగా వేయాలో తెలిపే పట్టికను కూడా ప్రకటిస్తుంది. విద్యార్థులు ప్రశ్నపత్రాన్ని శ్రద్ధగా చూస్తారు, పట్టికను చూడరు. లెక్కలో సూత్రానికి కొంత, ప్రతిక్షేపణకు కొంత, తుది సమాధానానికి, ప్రమాణానికి కొంత విడివిడిగా మార్కులుంటాయని అందులో స్పష్టంగా కనిపిస్తుంది. సమాధానం తప్పినా సూత్రం రాసినవానికి కొంత దక్కుతుంది. ఏమీ రాయనివానికి సున్నా. ‘నిర్వచించండి’ అన్నచోట పుట నింపడం, ‘ఉత్పాదించండి’ అన్నచోట తుది సమీకరణం మాత్రమే రాయడం తరచుగా కనిపించే పొరపాట్లు.

ప్రవేశ పరీక్షల న్యాయం వేరు. అక్కడ సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒకటి తగ్గింపు. మెట్లకు విలువ లేదు. ఒకే విద్యార్థి ఉదయం మెట్లన్నీ రాసే అలవాటును, సాయంత్రం మెట్లను మనస్సులోనే దాటే అలవాటును పెంచుకోవలసి రావడం ఈ తరానికి వచ్చిపడిన భారం. చివరి నెలలో రెండింటినీ ఒకే రోజు కలపకుండా, బోర్డు పరీక్షలు ముగిసే వరకు రాతపనికే ప్రాధాన్యమిచ్చినవారికి తరువాత ప్రవేశ పరీక్ష కూడా సులభమవుతుంది. రాసి నేర్చినవాడు వేగాన్ని అలవరచుకోగలడు. గుర్తులు పెట్టడం మాత్రమే నేర్చినవానికి రాయడం తొందరగా రాదు.

ఫలితాల తరువాత

ఉత్తీర్ణులు కానివారిని గురించి ఇట్టి వ్యాసాలు సాధారణంగా మౌనం వహిస్తాయి. ఫలితాలు వెలువడిన రోజున కొన్ని ఇళ్లలో జరిగే దుర్ఘటనలను చూస్తే ఆ మౌనం న్యాయం కాదు. అనుత్తీర్ణత ఒక్క సబ్జెక్టులో అయితే అదే సంవత్సరం సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. క్రమబద్ధమైన కళాశాలకు వెళ్లలేనివారికి 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా మొదలై, నేడు ఎన్.ఐ.ఓ.ఎస్.గా వ్యవహరింపబడుతున్న సంస్థ ఒక్కొక్క సబ్జెక్టునూ విడిగా పూర్తి చేసుకునే వీలు కల్పిస్తున్నది. నమోదైన ఐదేళ్లలో తొమ్మిది పర్యాయాలు పరీక్ష రాయవచ్చును. 2021లో మహమ్మారి కారణంగా పరీక్షలే రద్దయినప్పుడు కేంద్రీయ బోర్డు పది, పదకొండు, పన్నెండు తరగతుల పనితీరుకు 30, 30, 40 శాతం విలువనిచ్చి ఫలితాలు ప్రకటించింది. మూడు గంటల పరీక్ష లేకుండానే ఆ ఏటి పిల్లలు డిగ్రీలలో చేరారు. ఆ రోజులలో పిల్లవాడు ముభావంగా, ఒంటరిగా ఉంటే ఇంట్లో ఒకరు వెంట ఉండాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా, ప్రాంతీయ భాషలలో మాట్లాడవచ్చును.

మార్కులు అనుకున్నదానికంటె బాగా తగ్గినప్పుడు జవాబుపత్రాన్ని తెప్పించి చూచుకోవడం మంచిది. పరీక్షార్థికి తన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు ఉన్నదని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కూడికలో పొరపాటుంటే బయటపడుతుంది. పొరపాటు లేకపోతే, ఎర్ర సిరా పడిన చోట్లను వరుసగా చూసుకుంటూ పోతే ఏ అధ్యాయంలో మార్కులు పోయినవో, అవి తెలియక పోయినవో, కాలం చాలక పోయినవో, ప్రశ్న అర్థం కాక పోయినవో విడదీయడానికి ఒక సాయంకాలం చాలు. సప్లిమెంటరీ పరీక్షకు చదువు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.