ధ్రువప్రాంతపు పొదలు – వృద్ధి వలయాలు

జంషెడ్‌పూర్‌లో మీ ఇంటి దగ్గరి వడ్రంగి దుకాణంలో అడ్డంగా కోసిన టేకు ముక్కను పరిశీలించండి. ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తాయి. దల్మా కొండల మీద పెరిగే సాలవృక్షపు మొద్దులో అవి అంత స్పష్టంగా ఉండవు. ఈ తేడా ఎందుకు? వలయాలు మనకు ఏమి చెబుతాయి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బెరడుకు, కలపకు మధ్య కాంబియం అనే పలుచని కణాల పొర ఉంటుంది. కాండం లావెక్కేది దానివల్లనే. టేకు ఎండాకాలంలో ఆకులు రాల్చి, పెరుగుదల ఆపుతుంది. మళ్లీ పెరగడం మొదలుపెట్టగానే పెద్ద నాళాలున్న కలపను, తరువాత చిన్న నాళాలున్న కలపను ఏర్పరుస్తుంది. ఈ రెండూ కలిసి ఒక వలయం, అంటే ఒక సంవత్సరం. సాలవృక్షంలో నాళాలు కలప అంతటా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి కనుక సరిహద్దు తేలదు.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి. మొక్క పెరుగుదలకు ఏది కొరతగా ఉందో, వలయం ముఖ్యంగా దాని లెక్కనే చెబుతుంది. పొడి నేలల్లోని టేకుకు కొరత నీరు. మరి చలి ప్రదేశాల్లో?

ఇందుకు చెట్లే పెరగని చోటికి వెళదాం. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, భారతదేశం 2008లో హిమాద్రి పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ జూలై సగటు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెల్సియస్. ఆ దీవుల్లో పెరిగే ధ్రువ విల్లో పొద ఎత్తు కొద్ది సెంటీమీటర్లే. కాండం చాలావరకు నాచులోనో నేలలోనో దాగి ఉంటుంది. అక్కడ కొరత వెచ్చదనానిది. అందుకే వేసవి వెచ్చగా ఉన్న ఏడు వలయం వెడల్పుగా, చల్లగా ఉన్న ఏడు సన్నగా ఏర్పడడం సాధారణం. వాతావరణ కేంద్రాలు అరుదైన ఆ ప్రాంతానికి ఈ పొదే సాక్షి.

అయితే ఈ సాక్ష్యాన్ని చదవడం సులభం కాదు. వలయం వెడల్పు చాలాసార్లు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాండాన్ని పలుచని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. పైగా గడ్డు సంవత్సరంలో కాండం పొడవునా కలప ఏర్పడకపోవచ్చు. బెరడు నుంచి లోపలికి లెక్కిస్తున్నప్పుడు 1990 వలయం లోపిస్తే, 1989 వలయాన్ని 1990గా పొరబడతాం. అంతకుముందరి చరిత్రంతా ఒక ఏడు జరిగిపోతుంది. అందువల్ల వేరు నుంచి కొమ్మ దాకా పలుచోట్ల కోసి, ఇతర మొక్కలతోనూ సరిపోల్చుతారు.

వేడి పెరిగితే పొదలన్నీ ఏపుగా పెరుగుతాయా? ఆర్కిటిక్, పర్వత ప్రాంతాల్లోని 37 చోట్ల వివరాలతో 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, నేల తేమగా ఉన్నచోట్ల పొదల పెరుగుదల శీతోష్ణస్థితికి ఎక్కువగా స్పందించింది. నేల పొడిబారితే నీరే కొరత కావచ్చు. ఇది ముఖ్యమైన విషయం. ఎందుకంటే, పొదలు మంచు పైకి ఎదిగితే వాటి ముదురు కొమ్మలు సూర్యరశ్మిని ఎక్కువగా గ్రహించి పరిసరాలను ఇంకా వేడెక్కిస్తాయి.

అభ్యాసం: మీ టేకు ముక్కలో ఒక సన్నని వలయాన్ని గుర్తించండి. అది అనావృష్టి గుర్తు అని వెంటనే తీర్మానించకండి. పురుగులు ఆకులు తినడం, అగ్ని, పక్క చెట్ల నీడ వంటి కారణాలను కూడా రాయండి. వీటిలో అసలు కారణం ఏదో తేల్చడానికి ఇంకా ఏయే ఆధారాలు కావాలో ఆలోచించండి.