సెల్ఫ్ ఎత్తని కారు

శివరాత్రి దగ్గరపడితే ఆత్మకూరు రోడ్లు కాలినడక భక్తులతో నిండిపోతాయి. నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరే దారి ఇది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి తోలుకొచ్చిన స్పోర్ట్స్ కారొకటి అదే ఊళ్ళో కవరు కప్పుకుని షెడ్డులో ఉందనుకుందాం. ఓనరు వచ్చి స్టార్టు బటన్ నొక్కుతాడు. డ్యాష్‌బోర్డు దీపాలు వెలిగి, మసకబారతాయి. బానెట్ కింద టకటకటకమని చప్పుడు. అంతే. మూడు వందల గుర్రాల బండి షెడ్డు గడప దాటదు. బయట డెబ్బై ఏళ్ళ అవ్వలు కర్ర పొడుచుకుంటూ అడవికి సాగిపోతుంటారు.

ఆ టకటక ఇంజనుది కాదు, స్టార్టరు మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్‌ది. బటన్ నొక్కగానే అది అతుక్కుంటుంది. మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది, నీరసించిన బ్యాటరీ వోల్టేజి దబ్బున పడిపోతుంది, సోలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. భారం దిగగానే వోల్టేజి కాస్త లేస్తుంది, సోలినాయిడ్ మళ్ళీ అతుక్కుంటుంది.

"బండి నడపనే లేదు, బ్యాటరీ ఎట్లా డౌనయింది?" అని అందరూ అడిగే మాటే. లెక్క చూద్దాం. స్టార్టరు దాదాపు 200 ఆంపియర్లు లాగుతుంది, కానీ రెండు సెకన్లే. దాన్ని ఆంపియర్-గంటల్లోకి మారిస్తే 0.11. మరోపక్క ఆపి ఉంచిన కారులో అలారం, తాళాల రిసీవరు, కంప్యూటరు జ్ఞాపకశక్తి నిద్రపోవు. అవన్నీ కలిపి 40 మిల్లీఆంపియర్లు తాగుతున్నాయనుకుంటే రోజుకు 0.96 ఆంపియర్-గంటలు. అంటే కదలకుండా నిలబడ్డ ఒక్క రోజు ఖర్చు, ఎనిమిదిసార్లు సెల్ఫ్ కొట్టిన ఖర్చు కంటే ఎక్కువ! 45 ఆంపియర్-గంటల బ్యాటరీ మూడు వారాలకు సగమవుతుంది. శివరాత్రికి టకటక అన్నది, ఉగాదికి ఆ మాటా అనదు. రిమోటు నొక్కినా డోరు తెరుచుకోదు.

కార్లలో వాడే ఈ సీసపు బ్యాటరీకి పని కంటే విశ్రాంతి చేటు. పుట్టుకలోనే దానికా గుణం ఉంది. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని, ఒకదానికొకటి తగలకుండా అడ్డుపెట్టి, చాపలా చుట్టి, పలచటి గంధకికామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. ఇలా నెలల తరబడి చేస్తేగానీ రేకుల ముఖం గుల్లబారి కరెంటు దాచుకునే శక్తి రాలేదు. కసరత్తుతో తయారైన ఒళ్ళన్నమాట. 1881లో కామీ ఫోర్ ఈ తంటా తప్పించాడు. రేకులకు సీససింధూరాన్ని ముద్దగా మెత్తాడు. చాలాచోట్ల ఆంజనేయస్వామికి పూస్తూ వచ్చిన ఎర్రటి సింధూరం ఈ సీసపు భస్మమే.

కారులోకి బ్యాటరీ పెద్దకోడలిలా అడుగుపెట్టింది మాత్రం 1912లో. అంతకుముందు ఇంజను ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాల్సిందే. అది ఎదురుతిరిగిందా, మణికట్టు విరిగినట్టే. దుకాణాల నగదు యంత్రానికి చిన్న మోటారు అమర్చిన అనుభవమున్న చార్లెస్ కెటరింగ్ ఒక సంగతి పట్టుకున్నాడు: మోటారు గంటలకొద్దీ తిరగనక్కర్లేదు, క్షణం సేపు బలమంతా చూపిస్తే చాలు. అలా క్యాడిలాక్‌కు సెల్ఫ్ వచ్చింది. సరిగ్గా 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్నది; చేతికందక ముందే ఆయన కన్నుమూశాడు. ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు. మన నేల మీద అరుదుగా నడిచిన కార్లలో అదే మహారాజు. హ్యాండిల్‌తో లేపే కాలం బండి కాబట్టి, దానికి ఈ టకటక బెడద లేదు.

మనకు బ్యాటరీ పరాయిదేం కాదు. తిరుపతి పక్కన కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమరరాజా సంస్థను మొదలుపెట్టారు; 2000లో వచ్చిన అమరాన్ పేరు ఇవాళ పల్లెటూరి షాపు బోర్డు మీద కూడా కనిపిస్తుంది. రాయలసీమలో బ్యాటరీ చేసినవాళ్ళకు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. విదేశీ కార్ల పుస్తకాలు చలికాలపు జాగ్రత్తలే ఎక్కువ చెబుతాయి. మన శత్రువు మే నెల. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. రేకుల షెడ్డులో పెట్టి కవరు కప్పడమంటే పొయ్యి మీద పెట్టి మూతేసినట్టే.

ఖాళీగా వదిలేస్తే ఇంకో ముప్పు. కరెంటు దిగినకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వారాలు గడిస్తే పటికలా గట్టిపడి, మళ్ళీ కరెంటుకు లొంగదు.

తోసి స్టార్టు చేద్దామా అంటే ఇప్పటి స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి క్లచ్ పెడలే లేదు. కొన్ని పోర్షాల్లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తాళం తెరవాలన్నా కరెంటే కావాలి! (ఫ్యూజు పెట్టెలో ఒక పిన్ను బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ తగిలిస్తే తెరుచుకుంటుంది.) వేరే బండి బ్యాటరీ నుంచి కేబుల్ వేసేటప్పుడు ముందు ఎర్రది ప్లస్‌కు ప్లస్, నల్లది చివరగా, డౌనయిన బ్యాటరీకి కాక, దూరంగా ఇంజను ఇనుముకు. బ్యాటరీ పైన హైడ్రోజన్ ఉండవచ్చు, నిప్పురవ్వ అక్కడ లేవకూడదు.

బండి లేచిందని ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపేసేవాళ్ళున్నారు. అది వృథా. పక్క ఊరు వెలుగోడు దాకా వెళ్ళి రావాలి, ఆపై ఛార్జర్‌కు తగిలించాలి. స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా కనిపించే ఏజీఎం (సీలు వేసిన) రకం బ్యాటరీకి, ఆ రకానికని రాసి ఉన్న ఛార్జరే వాడాలి. పాత ఛార్జర్ మీద కాయిస్తే లోపలి నీళ్ళు గ్యాసై పోతాయి, తిరిగి పోద్దామంటే మూత ఉండదు.

ఛార్జింగ్ అయ్యాక రాత్రంతా కదల్చకుండా ఉంచి పొద్దున మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులు చూపిస్తే ఇంకా బతికే ఉంది. ఒక్కో సెల్లుకు 2.1 చొప్పున ఆరు సెల్లుల లెక్క అది. 10.5 దగ్గర ముల్లు ఆగిందంటే ఒక సెల్లు పోయింది. బ్యాటరీని విప్పి పాతదాని కిందకు షాపులో ఇచ్చేయడమే.