పొత్తిగుడ్డలు, ఉప్పునీళ్లు

ఆదివారపు సంచికకు ముఖచిత్రకథనముగా పసిపిల్లల గుడ్డ డైపర్లను గూర్చి వ్రాయుమనియు, దానికై దివిసీమకు పోయి రమ్మనియు, శుక్రవారము సాయంకాలమునకు వ్రాతప్రతి తమ బల్లపై నుండవలెననియు సంపాదకులు ఆజ్ఞాపించినపుడు, పూర్వాచారము మరల తలయెత్తుచున్నదన్న వారి యుత్సాహము నాకు గొంతున వెలగకాయయైనది. గుడ్డ మనదే, కాదనను. తాతగారి పాత పంచె చింపి, నాలుగు మడతలు పెట్టి మొలకు కట్టిన మెత్తదనములో పెరుగనివారు నా తరమున అరుదు. కాని ఆ గుడ్డను దినమునకు పది పన్నెండు పర్యాయములు విప్పి, జాడించి, ఉతికి, పిండి, ఆరవేసి, మడిచి, మరల ఉయ్యాల చెంతకు చేర్చిన వారెవరని యడిగినచో, ఆచారమును శ్లాఘించు పెద్దమనుష్యులలో, అందును పురుషులలో, నిలిచి బదులు చెప్పువారు కానరారు.

ఈ ప్రశ్నకు దివిసీమలోని అవనిగడ్డ తగిన చోటు. పులిగడ్డ కడ కృష్ణ రెండు పాయలై చీలి, నడుమనున్న దివిని చుట్టుకొని సముద్రమున కలియుచున్నది. నలుదిక్కుల నీరున్నను ఉతుకుటకు మంచినీరు దుర్లభమైన సీమ యిది. కాలువనీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటి రావలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట చెరువులలో నిలువయున్న నీరే గతి. బోరు వేసినచో పలుతావుల ఉప్పునీరే పడును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రము తానై ఊళ్లలోనికిని చెరువులలోనికిని వచ్చిన చోటు గదా! దాపుననే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధి. సంతానార్థులై మ్రొక్కుకొన వచ్చు దంపతులకు అచ్చట ఏ ఋతువునను కొదువ లేదు. మ్రొక్కు ఫలించిన పిమ్మట గుడ్డలుతుకు సంగతిని మాత్రము స్వామి గృహస్థులకే విడిచిపెట్టినాడు.

నేను చూచిన యిల్లు ఒక అద్దె వాటా. భార్య బడిపంతులమ్మ, భర్త బందరులో ఉద్యోగి. పుట్టింట పురుడు పోసికొని, అయిదవ నెలలో బిడ్డతో తిరిగివచ్చిన యా యిల్లాలికి తోడుగా తల్లి కొన్నాళ్లు వచ్చియున్నది. వరండాలోని దండెము నిండ గుడ్డలు. తల్లీకూతుళ్ల సంభాషణ యిట్లు సాగుచుండెను:

“ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే ఏం తెలుస్తుందే? చెంపకి ఆనించి చూడు.”

“ఆనించానమ్మా. పొద్దుట్నుంచీ ఎండలోనే ఉంది, ఇంకా చెమ్మగానే ఉంది.”

“ఎండది కాదే తప్పు, ఆ బోరు నీళ్లది. మన ఊళ్లో కాలవ నీళ్లయితే ఈపాటికి పెళపెళలాడుతూ ఉండేది.”

ఆ ముసలమ్మ రసాయనశాస్త్రము చదివినది కాదు గాని చెప్పిన మాటలో లోపము లేదు. ఉప్పునీటిలోని లవణములు, ముఖ్యముగా మెగ్నీషియపు లవణములు, గుడ్డలో నిలిచి గాలిలోని తేమను పీల్చుకొనును. సముద్రపుగాలి వీచు సీమలో ఆ తేమకు కొరత యేమి? సబ్బు ఆ నీట నురుగు కట్టదు. నీటిలోని సున్నముతో కలిసి జిడ్డుతెట్టెగా మారి నూలుపోగులకు అంటుకొనును. అట్టి గుడ్డ నానాటికి బిరుసై, మూత్రమును పీల్చుటకు మారుగా పైకి జార్చి, లేతచర్మమును ఒరయును. కావుననే ఆ యింట ఒక విచిత్రమైన యేర్పాటు చూచితిని. మొదటి జాడింపులు బోరునీటితో, ఆఖరి జాడింపు మాత్రము త్రాగుటకై కొన్న టిన్నునీటితో. పెద్దలు త్రాగు నీటిలో బిడ్డ గుడ్డకు వాటా! గుడ్డ డైపరు చవక యని లెక్కలు కట్టువారు ఈ టిన్ను వెలను ఏ పద్దులోనైన వ్రాసిరా?

ఇంతవరకు సంపాదకులు కోరినదే. ఇక, గడువు తలపై నుండగా నన్ను దారి తప్పించిన గ్రంథమును గూర్చి చెప్పవలెను. పసివాని పక్కబట్టలను గూర్చి మన ప్రాచీనులేమైన చెప్పిరా యని వెదకుచు చరకసంహితను విప్పితిని. శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయము, గర్భిణీ రక్షణము మొదలు ప్రసవము, జాతకర్మ, స్తన్యము వరకు నడచి, పిదప శిశువు నివసించు గృహమునకు వచ్చును. ఆ కుమారాగారమును వాస్తువిద్యానిపుణుడు నిర్మింపవలెనట. చీకటి కూడదు, ఈదరగాలి కూడదు, కాని ఒక ప్రక్కనుండి గాలి యాడవలెను. కుక్కలు, ఎలుకలు, పురుగులు చొరరాదు. నీటికి, రోటికి, మలమూత్రములకు, స్నానమునకు, వంటకు వేర్వేరు తావులు చక్కగా విభజింపబడియుండవలెను. అవనిగడ్డ అద్దె వాటాలో ఈ తావులన్నియు వరండాలోని ఒక్క కుళాయి చుట్టునే కలవని ఆచార్యునకు మనవి చేయవలెననిపించినది.

పిదప బట్టల సంగతి. శిశువు శయ్యయు, పరుపును, కప్పుడును మెత్తగా, తేలికగా, శుచిగా, సువాసనతో నుండవలెననియు, చెమటయు మురికియు పురుగులును పట్టినవానిని, మలమూత్రములు తగిలినవానిని విడిచివేయవలెననియు విధించినాడు. ఇది రాజగృహమునకు చెల్లు విధి. ఒక్కసారి తడిసిన గుడ్డను పారవేయుమన్న యాజ్ఞ నేటి ప్లాస్టికు డైపరు వాడుకకు ఎంత దగ్గరగా నున్నదో పాఠకులు గమనింతురుగాక! కాని చరకుడు అంతటితో నిలువలేదు. వేరు గుడ్డలు లభింపనిచో, ఆ తడిసినవానినే బాగుగా కడిగి, ధూపము వేసి, పరిశుద్ధముగా, పొడిగా నారిన పిమ్మట వాడుకొనవచ్చునని వెంటనే సడలింపు నిచ్చినాడు. లోకములోని సామాన్యగృహములన్నియు ఈ యొక్క సడలింపులోనే యిన్ని శతాబ్దములుగా కాపురము చేసినవి.

ఆ ధూపద్రవ్యముల పట్టిక మరియును రమ్యము: యవలు, ఆవాలు, అవిసెగింజలు, ఇంగువ, గుగ్గులు, వస, ఇట్లు పెరిగి పెరిగి తుదకు పాము కుబుసము, అన్నియు నేతితో కలిపి పొగవేయవలెను. కుబుసము మాట యెట్లున్నను (నాకు దానియందు గురి లేదు, పసివాని ఊపిరికి ఏ పొగయు మంచిది కాదని నేటి వైద్యులందురు), తక్కిన పద్ధతి మన యిండ్లలో నిన్న మొన్నటివరకు జీవించియే యున్నది. ముసురు పట్టిన దినములలో కుంపటిపై వెదురుగంప బోర్లించి, దానిపై గుడ్డలు పరచి, నిప్పులలో సాంబ్రాణి చల్లి ఆరబెట్టుటను కృష్ణాతీరమున ఎరుగని పెద్దలుండరు. సాంబ్రాణి వాసనకు వేసిరో, నిప్పుల వేడికి వేసిరో గాని, ఆ గుడ్డ చెంపకు ఆనించినపుడు పొడిగా నుండెడిది.

ఇన్ని విధులు చెప్పిన గ్రంథమున ఒక్కటి లేదు. కడుగవలెననియే గాని, కడుగువారెవరో చెప్పలేదు. ప్రసవకాలమున గర్భిణి చుట్టునుండవలసిన స్త్రీల గుణగణములు చెప్పినాడు, దాది లక్షణములను సుదీర్ఘముగా వర్ణించినాడు. గుడ్డలు మాత్రము తమంతట తామే శుభ్రమైనట్లు మాటాడినాడు. ఇప్పటి గుడ్డ డైపరు డబ్బాపై అచ్చువేసిన సూచనలు చదివిచూడుడు. వాడుటకు ముందు రెండు మూడు మారులు ఉతుకవలెనట, మృదుత్వమునకు వేయు ద్రవములు వాడరాదట, నీడన గాక యెండ తగులునట్లు ఆరవేయవలెనట. ఇందును చేతుల ప్రసక్తి లేదు.

ఆ చేతులు ఒకప్పుడు ఎవ్వరివో పల్లెలెరుగును. పురిటి దినములలో మైలగుడ్డలు ముట్టుటకు ఇంటివారు వెనుదీయగా, వానిని మూటగట్టుకొని రేవునకు మోసినది చాకలి యిల్లాలు. చవుడు పట్టించి, ఉబ్బలో ఉడికించి, బండపై బాది, కాలువనీట జాడించి తెచ్చినందుకు ఆమె కుటుంబమునకు దక్కినది పంటకాలమున కళ్లమున కొలిచిన మేర గింజలు. పదునొకండవ నాడో, ఇరువదియొకటవ నాడో బారసాల కాగా మైల తొలగినదని యింటివారు పండుగ చేసికొనిరి. ఆమె నంటిన మైల మాత్రము కులముగా నిలిచిపోయినది. నేడు రేవులు సన్నగిల్లినవి, ఆమె మనుమరాలు కళాశాలలో చదువుకొనుచున్నది, అది మేలే. కనుక పూర్వాచారము మరల రావలెనని కోరువారు గుడ్డ యొక్కటియే రావలెనని కోరుచున్నారో, ఆ మేర గింజల వ్యవస్థయు రావలెనని కోరుచున్నారో తేల్చిచెప్పవలసియున్నది.

చరిత్ర కొంత చెప్పుమని సంపాదకుల చీటీలో నున్నది; త్వరగా ముగింతును. అమెరికాలో మేరియన్ డోనొవన్ అను తల్లి, తడి పక్కకు దిగకుండ స్నానపుగది తెరను కత్తిరించి జలాభేద్యమైన పైతొడుగు కుట్టి, 1951లో పేటెంటు పొందినది. 1961లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వారు విక్టర్ మిల్స్ బృందము రూపొందించిన పాంపర్స్‌ను విపణికి తెచ్చిరి. 1980లలో సోడియం పాలీఎక్రిలేటు పొడి చేరి డైపరు పలుచనైనది. అటుపిమ్మట బజారులోని ప్రతి మందుల దుకాణమునకును, చిల్లర కొట్టునకును అది వ్రేలాడుచు వచ్చినది.

న్యాయము చెప్పవలెనన్న, ఆ పొడి సామాన్యమైనది కాదు. శుద్ధజలమును తన తూకమునకు కొన్ని వందల రెట్లు పీల్చి జిగురుముద్దగా బిగించును. లవణముండుటచే మూత్రము నంతగా పీల్చకున్నను, రాత్రియంతయు బిడ్డ చర్మమును పొడిగా నుంచుటకు చాలినంత శక్తి దానికి గలదు. ఒరపునకును దద్దురునకును మూలము తడియే. మలము తోడైనచో కాలిన గాయమువలె చర్మము ఎఱ్ఱబారును. తడిసిన గుడ్డను వెంటనే మార్చు మనిషి లేని యింట, గుడ్డకంటె ప్లాస్టికు డైపరే బిడ్డకు హితమని యొప్పుకొనక తప్పదు. పగలు గుడ్డ, రాత్రి డైపరు అను రాజీ యా అద్దె వాటాలోనే కాదు, అనేక గృహములలో కుదిరియున్నది. దానిని నేను తప్పుపట్టను.

చిక్కు తరువాతిది. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమముల ప్రకారము వాడిన డైపరును తయారీదారు ఇచ్చిన సంచిలోనో, తగిన చుట్టలోనో భద్రముగా చుట్టి పొడిచెత్త బుట్టలో వేయవలసియుండెను. అట్టి సంచిని ఇచ్చు బాధ్యత తయారీదారులపై నుండెను. దివిసీమ కాలువగట్లపై నడచినవారికి ఈ నియమము గాలిలో ఎంతవరకు ఎగిరినదో విదితము. గుఱ్ఱపుడెక్క నడుమ నీరు త్రాగి యుబ్బిన తెల్లని ముద్దలు ఏవో అడుగ పనిలేదు. ఇది మన యొక్కరి పాపము కాదు. జావా ద్వీపమున బ్రాంతాస్ నది యిట్లే డైపర్లతో నిండినది. డైపరును కాల్చినచో బిడ్డ చర్మము మండునని తల్లులలో నొక భయము. అందుచే చల్లని నీట విడిచెదరు. సురబాయ నగరమునకు త్రాగునీరు ఆ నదిదే. మన చెరువులు నిండునదియు కాలువనీటితోనే గనుక, మూఢవిశ్వాసమని వారిని చూచి నవ్వుటకు మనకు తీరిక లేదు.

ఆ అద్దె వాటాలోని భర్త సంగతి చెప్పకుండుట అన్యాయము. టిన్నునీటి జాడింపు అతని వంతు. ఆరవేయుటయు అతని వంతే. అయితే తెల్లవారకముందే డాబాపై ఆరవేసి దిగివచ్చును. ఏల యని యడిగితిని. “ఎండ మొదటినుంచీ తగలాలి కదండీ,” అన్నాడు. లోపలినుండి భార్య, “ఎదురింటివాళ్లు లేవకముందండీ,” అని సవరించినది.

పెట్టెకట్టు – 1: బ్రిటనులో తూచిన లెక్క

బ్రిటను పర్యావరణ సంస్థ 2008లో ప్రకటించిన పరిశీలనలో, బిడ్డ మొదటి రెండున్నర యేండ్లకు ప్లాస్టికు డైపర్ల వలన సుమారు 550 కిలోల కర్బనభారమును, సాధారణపద్ధతిలో ఉతికిన గుడ్డల వలన సుమారు 570 కిలోలును తేలినది. గుడ్డ పక్షమువారికిది చేదుమాత్ర. కాని యంత్రము నిండుగా వేసి ఉతికి, దండెముపై ఆరవేసి, ఆ గుడ్డలనే రెండవ బిడ్డకును వాడినచో భారము నూటికి 40 వంతులు తగ్గునట. దండెముపై ఆరవేయుట దివిసీమకు ఒకరు నేర్పనక్కరలేదు.

పెట్టెకట్టు – 2: కథనమున ఇమడని చిల్లర సంగతులు

మలమంటిన గుడ్డను మొదట చన్నీట జాడింపవలెను; తొలుతనే వేడినీరు తగిలినచో మరక బిగియును. చనుబాలు త్రాగు బిడ్డ విడుచు పసుపురంగు మరకకు సబ్బుకంటె ఎండ మేలు. దద్దురునకు రాయు తెల్లని జింకు మందు గుడ్డకంటినచో ఆ చోట తడి పీల్చదు; నడుమ పాత గుడ్డముక్క నొకటి పరచుడు. మడత గుడ్డలైనచో రెండు డజనులకు తక్కువ కాకుండ నుండవలెను. కార్తికపు ముసురులో అవియు చాలవు. లోపల దూర్చు దళసరి మెత్తలు పలుచని పాత పంచెముక్కకంటె మిక్కిలి ఆలస్యముగా ఆరును. ఈ యొక్క విషయమున తాతగారి పంచెదే గెలుపు.

బందరు బస్సులో బిడ్డతో పోవువారు తడిగుడ్డలకు వేరుగా మూతిబిగించు సంచి నొకటి ఉంచుకొందురు. ఇల్లు చేరినవెంటనే దానిని విప్పవలెను. మరునాటికి విడిచినచో, విప్పు వంతు ఎవ్వరిదను వివాదము భార్యాభర్తల నడుమ తప్పక పుట్టును.